పిండర్ దొర పేరు మార్చిన వైనం

ముందు నా పని ఏమిటో

కథలు రాద్దామని ఫిలింనగర్ వచ్చే కుర్రకారు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ సగం తాగాక, "సార్, మీరు ఏయే సినిమాలు రాశారు?" అని మర్యాదగా అడుగుతారు. నేను సినిమాలు రాయలేదు. సినిమాల్లో మనుషులకి పేర్లు పెట్టాను. హీరో పేరు, హీరోయిన్ పేరు, వాళ్ళ నాన్నల పేర్లు, విలన్ పేరు, విలన్ వెనకాల చేతులు కట్టుకుని నిలబడే పదిమందిలో ఒకే ఒక్క డైలాగున్న వాడి పేరు. తెర మీద నా పేరు మాత్రం "రచనా సహకారం" అనే కార్డులో తొమ్మిది మంది మధ్య ఇరుక్కుని, మా ఆవిడ కళ్ళజోడు సర్దుకునే లోపల మాయమయ్యేది.

ఇదీ ఒక ఉద్యోగమేనా అని నవ్వకండి. పేరు కుదరక షూటింగులు ఆగిపోవడం నేను చూశాను. ఒక జానపద సినిమాలో గుర్రానికి పేరు కుదరలేదు. నాలుగు రోజులు ఆలోచించాను. ఆ నాలుగు రోజులూ గుర్రం కూలర్ ముందు నిలబడి దాణా తింది, నేను ఎండలో నిలబడి తిట్లు తిన్నాను. అయిదో రోజు నేను చెప్పిన పేరు విని గుర్రమే తల అడ్డంగా ఊపింది. రెండో పేరుకి సకిలించింది. అదే ఖాయం చేశారు. నమ్మనివాళ్ళు గుర్రాన్ని అడగవచ్చు.

యాభై ఆరేళ్ళకి పని మానేశాను. మా లైనులో రిటైర్మెంటుకి కాగితం ఇవ్వరు, ఫోను మోగడం తగ్గుతుంది, అంతే. నా వంతుకి కంప్యూటర్ వచ్చింది. దాన్ని అడిగితే టీ చల్లారే లోపల నలభై పేర్లు ఇస్తుందట. ఇవ్వనీ. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి మాత్రం ఒక సంగతి చెప్పాలి. పేరు దొరకడం కష్టం కాదు, ఆ పేరు ఎవరిదో తెలుసుకోవడం కష్టం. నాకది తెలియడానికి పాతికేళ్ళకి పైగా పట్టింది. తెలియజెప్పింది బోరబండలో ట్యూషన్లు చెప్పుకునే ఒక పెద్దావిడ.

తెల్లచొక్కాల ఏడుగురు

మా గురువు రామలింగంగారు డైలాగు రచయిత. పొగిడితే ముఖం చిట్లించేవారు. తప్పు చేస్తే మాత్రం సంతోషించేవారు, తిట్టే అవకాశం దొరికిందని. ఆయన దగ్గర చేరిన మొదటి ఏడాది, నిండుగా ఉంటుందని ఒక విలన్‌కి ఇంటిపేరు తగిలించాను. సినిమా విడుదలైన మూడో రోజున ఆఫీసుకి ఏడుగురు వచ్చారు. అందరూ తెల్లచొక్కాలే. గొడవేమీ చెయ్యలేదు. సోఫాలో వరసగా కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగారు. వాళ్ళలో పెద్దాయన కప్పు కింద పెట్టి, "ఏమండీ, మా ఇంటిపేరువాడు ఇంటర్వెల్‌కి ముందు ఊరు తగలబెట్టాడు. రేపు మా పిల్లకి సంబంధం చూడ్డానికి వస్తున్నారు. మమ్మల్ని ఏమని చెప్పుకోమంటారు?" అన్నాడు.

గురువుగారు లేచి నిలబడి క్షమాపణ చెప్పారు. వాళ్ళు మెట్లు దిగేదాకా ఆగి నావైపు తిరిగారు.

"ఆ ఇంటిపేరు నీకు ఎక్కడ దొరికిందిరా?"

"బస్సులో పక్క సీటాయన చెప్పాడండీ."

"ఆయన దగ్గర చేతిగడియారం కూడా ఉండే ఉంటుందే. అది తీసుకోలేదేం?"

ఆ సాయంత్రం నా చేతిలో ఒక లావుపాటి నోటుపుస్తకం పెట్టారు. అందులో జిల్లాల వారీగా ఇంటిపేర్లు. ఏ ఇంటిపేరు వాళ్ళు ఏ తాలూకాలో ఎక్కువ, ఎక్కడినుంచి ఎక్కడికి వలస వెళ్ళారు, ఎన్ని కులాల్లో ఆ పేరుంది, వాళ్ళలో థియేటర్లున్న వాళ్ళెవరు, త్వరగా కోపం వచ్చేవాళ్ళెవరు. జనాభా లెక్కలవాళ్ళు చూస్తే కుళ్ళుకునేవారు. అంత పుస్తకమూ చెప్పేది ఒక్కటే, విలన్‌కి ఇంటిపేరు పెట్టవద్దని. మన సినిమాల్లో మంచివాళ్ళకి తాతముత్తాతల పేర్లతో సహా అన్నీ ఉంటాయి. చెడ్డవాళ్ళు పాపం ఒంటిపేరుతో అనాథల్లా తిరుగుతుంటారు. ఈసారి చూసినప్పుడు గమనించండి.

ఎర్రగడ్డలో దొరికిన దొర

ఈ భయం లేనిది దొరల దగ్గర మాత్రమే. తెల్లవాళ్ళ కాలం నాటి కథ అనగానే మాకు పండగ. కలెక్టరు దొరకి ఏ పేరైనా పెట్టుకో, ఇంగ్లండు నుంచి ఏడుగురు వచ్చి సోఫాలో కూర్చోరు. దొరల ఇంటిపేర్లంటే పోరంబోకు భూమి అని మా అందరి నమ్మకం. ఎవడైనా పాక వేసుకోవచ్చు.

నేను దొరల పేర్లు ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఏరేవాణ్ణి. అక్కడ పాత పుస్తకాలు కుప్పపోసి అమ్ముతారు. నాకు పుస్తకం అక్కర్లేదు. మొదటి పేజీలో ఎవరైనా ఇంగ్లీషులో పేరు రాసుకుని ఉంటే దాన్ని చీటీ మీద ఎక్కించుకుని, పుస్తకాన్ని తిరిగి కుప్పలో పెట్టేవాణ్ణి. అమ్మేవాడు కొన్నాళ్ళు చూసి, "ఏంది సార్, వారం వారం వస్తవ్, ఒక్క బుక్కు గూడ కొనవ్. హాజరు తీసుకుంటున్నవా?" అన్నాడు.

అలా దొరికిందే పిండర్. అట్టలేని లెక్కల పుస్తకం, మొదటి పేజీలో వంకీలు తిరిగిన నీలం సిరా. జె. పిండర్. చూడగానే నా కళ్ళముందు ఒక దొర లేచి నిలబడ్డాడు. ఎర్రటి ముఖం, సన్నటి పెదవులు, చేతిలో కొరడా. జేమ్స్ పిండర్, జిల్లా కలెక్టరు.

ఆ దొర మూడేళ్ళు నా చీటీల డబ్బాలో విశ్రాంతి తీసుకున్నాడు. ఆ తర్వాత ఒక కుర్ర డైరెక్టరు, శిస్తు కట్టలేని రైతుల కథ తీస్తూ నన్ను జూబ్లీహిల్స్ ఆఫీసుకి పిలిపించాడు. "అన్నా, దొర పేరు పలకగానే వీపు మీద పడ్డట్టు ఉండాలి" అన్నాడు. పిండర్‌ని తీసి బల్ల మీద పెట్టాను. ఊరికే పెడితే నా బుద్ధి ఎందుకవుతుంది? "లండన్లో వీళ్ళది రాజవంశంతో సమానం. పిండర్లు భోజనానికి కూర్చుంటే రాణీగారే స్వయంగా వడ్డించేది" అని కూడా చేర్చాను. డైరెక్టరు కళ్ళు మూసుకుని ఆనందించాడు.

టీజర్ వచ్చింది. దొర గుర్రం దిగుతాడు. తాబేదారు వంగి, "పిండర్ దొరా, కొరడా తియ్యండి!" అని అరుస్తాడు. వారం తిరిగేసరికి సందు సందునా పిల్లల నోట అదే కేక. నేను కృష్ణానగర్ టీ కొట్టు దగ్గర రెండు అంగుళాలు పొడుగు పెరిగాను.

మా విలన్ తాలూకు మనిషి

అప్పుడు ప్రొడక్షన్ మేనేజరు యాదగిరి ఫోను చేశాడు.

"అన్నా, ఏం జేసినవ్? బోరబండకెల్లి ఒక టీచరమ్మ రోజు ఫోన్ జేస్తున్నది. మన విలన్ వాళ్ళింటోడంట."

"కలెక్టరు దొర బోరబండలో ఎందుకుంటాడయ్యా?"

"గదే నేను గూడ అడిగిన. 'దొర లేడు, నేనున్నా, రమ్మను' అన్నది. జర నువ్వు పోయి మాట్లాడు. ఇంగ్లీష్‌ల తిడితె నాకు సమజ్ కాదు, ఫికర్ లేదు. గామె తెలుగుల తిడుతున్నది."

వెళ్ళాను. స్టేషన్ దాటి, గుట్ట మీదికి ఎక్కే సందులో, రెండు గదుల ఇల్లు. గోడ మీద నీలం రంగు బోర్డు, "పిండర్ ట్యూషన్లు, ఒకటి నుంచి పది వరకు". ఆ అక్షరాల పక్కన ఎవరో సుద్దతో కొరడా బొమ్మ వేశారు. తుడిచిన మరక మీదే మళ్ళీ వేశారు.

ఆవిడ పేరు పిండర్ సుగుణమణి. డెబ్బై దాటింది. సొంత ఊరు బాపట్ల వైపు. నలభై ఏళ్ళ క్రితం ఉద్యోగానికి హైదరాబాదు వచ్చి, బడిలో చెప్పి రిటైరై, ఇప్పుడు ఆ సందు పిల్లలకి చదువు చెబుతోంది. కుర్చీ చూపించి, "సినిమావాళ్ళా? కూర్చో బాబూ" అంది. ఆ "బాబూ"లో నాకు బెత్తం వినిపించింది.

ఇలాంటి చోట నాకు ఒకటే విద్య తెలుసు. మొదలుపెట్టాను. "అమ్మా, మీ ఇంటిపేరు మామూలు ఇంటిపేరు కాదు. లండన్లో పిండర్ ప్యాలెస్ అని ఉంది. రాజుగారి కుడిపక్క కుర్చీ పిండర్లదే. మా సినిమా వల్ల ఆ వంశం గొప్పదనం నలుగురికీ..." రాణీగారు వడ్డించే ఘట్టం వరకూ లాక్కొచ్చాను. ఆవిడ ఒక్కసారి కూడా అడ్డురాలేదు.

"అయిందా?"

"అయిందమ్మా."

"రాణీగారు వడ్డించిందా?"

"వడ్డించిందనే అంటారమ్మా."

"ఏం కూర?"

ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నోరు తెరిచాను గాని కూర రాలేదు.

"సరే, మా పేరు నీకు ఎక్కడ దొరికింది? అదన్నా నిజం చెప్పు" అంది. చెప్పాను, ఎర్రగడ్డ, లెక్కల పుస్తకం, నీలం సిరా. ఆవిడ నుదురు కొట్టుకుంది. "జె అంటే జయరాజు. మా తమ్ముడు. రైల్వేలో చేసి బాపట్లలో ఉంటున్నాడు. ఆ పుస్తకంలో వాడు పేరొక్కటే సరిగ్గా రాసింది, లెక్కలన్నీ తప్పులే. ట్యూషన్లకని నేనే తెచ్చుకున్నాను, ఇంటికి సున్నం వేయించినప్పుడు పాతపేపర్లవాడికి వేసేశాను."

నా జేమ్స్ పిండర్, ఎర్రటి ముఖం, సన్నటి పెదవులు, అన్నీ ఆ కుర్చీలోనే కరిగిపోయాయి. తర్వాత ఫొటో చూపించింది. జయరాజుగారు నల్లగా, బొద్దుగా, చంకలో మనవరాలితో నవ్వుతున్నారు.

బందెలదొడ్డి

"నీ కథ విన్నాను. ఇప్పుడు మాది విను" అంది ఆవిడ. ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను.

"మా ముత్తాత పోలయ్య. ఊళ్ళో బందెలదొడ్డి కావలి. పరాయి చేలో పడి మేసిన పశువుని తోలుకొచ్చి దొడ్లో కట్టెయ్యాలి. పశువు ఎవరిదైనా సరే, జుల్మానా కట్టందే వదలకూడదు. ఆ పని చేసేవాడి మీద అందరికీ కోపమే కదయ్యా. అందుకని ఎవరూ చెయ్యరు, మావాళ్ళ చేత చేయించేవాళ్ళు. చేయించుకుంటూనే 'ఒరే దొడ్డోడా' అని పిలిచేవాళ్ళు. పోలయ్యా అని పిలిచిన నోరు లేదు.

"ఆ రోజుల్లో మా వైపు ఒక మిషనరీ దొర తిరుగుతుండేవాడు. ఒకనాడు ఆయన గుర్రం పలుపు తెంచుకుని వేరుశనగ చేలో పడింది. మా ముత్తాత పట్టుకెళ్ళి దొడ్లో కట్టేశాడు. ఊరి పెద్దలు పరిగెత్తుకొచ్చారు. 'దొర గుర్రంరా, వదులు!' అంటే, 'మేసినప్పుడు చేనుకి చెప్పిందా దొర గుర్రాన్నని?' అన్నాట్ట. ఆఖరికి దొరే నడిచొచ్చాడు. అందరూ పోలయ్య పనైపోయిందనుకున్నారు. దొర జుల్మానా కట్టి, గుర్రాన్ని విప్పుకుని, నీ పనేమిటి అని అడిగాడు. చెబితే పకపకా నవ్వాడు. 'మా దేశంలోనూ ఊరూరా ఈ పని ఉండేది. చేసేవాణ్ణి పిండర్ అనేవాళ్ళు. నా పేరు అదే. మా పూర్వీకుడెవడో నీలాగే దొడ్డి కాసి ఉంటాడు' అన్నాడు.

"తర్వాత కొన్నాళ్ళకి మావాళ్ళు సంఘంలో చేరారు. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పుస్తకంలో ఇంటిపేరు ఏమని రాయమంటావని అడిగారు. మా ముత్తాతకి ఏం చెప్పాలో తెలియలేదు. దొడ్డోడు అని చెప్పుకుంటాడా? అప్పుడు దొరే కలం తీసుకుని తన పేరు రాశాడు. 'పని నువ్వు చేస్తున్నావు, పేరు నేను మోస్తున్నాను. ఇది నీకే చెందాలి' అన్నాట్ట."

ఆవిడ బోర్డు వైపు చూసింది.

"దొర గుర్రాన్ని కట్టేసినవాడి పేరయ్యా మాది. నువ్వు దాన్ని తీసుకెళ్ళి కొరడా పట్టుకున్న దొరకిచ్చావు. ఈ సందులో నలభై ఏళ్ళుగా పిండర్ టీచర్‌ని. మొన్నటి నుంచి నేను కూరలకి వెళ్తే వెనకనుంచి కొరడా తియ్యమంటున్నారు. పిల్లలు, వాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ మీ సినిమా ఒకసారి వచ్చిందంటే టీవీలో నేను పోయాక కూడా వస్తూనే ఉంటుంది. నా సమాధి రాయి మీద ఉండాల్సిన పేరు అదొక్కటే కదా."

నాకు జాలి కన్నా ముందు అసూయ వేసింది, ఒప్పుకుంటున్నాను. నేను అల్లిన ఏ కథలోనూ ఇంత మంచి గుర్రం లేదు.

ఇంటికి వచ్చి ఆ రాత్రే ఇంటర్నెట్టులో వెతికాను. నాకు తెలిసిన ఇంగ్లీషుకి అర్థమైనంతవరకు ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. పాత ఇంగ్లీషులో పశువుని దొడ్లో కట్టెయ్యడానికి ఒక మాట ఉంది, దానినుంచి వచ్చిన పేరు పిండర్. యార్క్‌షైర్, నాటింగ్‌హామ్ వైపు పల్లెల్లో ఎక్కువ. ప్యాలెస్ ఎక్కడా లేదు, పేడ మాత్రం పుష్కలంగా ఉండి ఉంటుంది. అక్కడినుంచి సముద్రాలు దాటి బహామాస్ దీవులకి వెళ్ళింది ఆ పేరు. అక్కడ కొన్ని చిన్న దీవుల్లో ఇంటింటా పిండర్లేనట, తెల్లవాళ్ళలోనూ నల్లవాళ్ళలోనూ. యార్క్‌షైర్, బహామాస్, బోరబండ. మా గురువుగారి నోటుపుస్తకంలో ఈ పేజీ లేదు. ఉండి ఉంటే నాకు ఈ పాట్లు ఉండేవి కావు.

నిజం చెప్పి చెడ్డాను

మర్నాడు డైరెక్టరు ముందు కూర్చుని ముత్తాత, గుర్రం, బాప్తిస్మం, అన్నీ చెప్పాను. ఒక్క మాట కలపలేదు. కలపాలనిపించిన చోటల్లా నాలుక కరుచుకున్నాను. ఆయన చివరిదాకా విని చప్పట్లు కొట్టాడు.

"అన్నా, అదిరింది! ఎప్పుడు రాశావ్?"

"రాయలేదయ్యా. నిజం."

"ఈ అమాయకపు మొహం ఉంది చూశావా, దీనికే నీకు అవార్డు ఇవ్వాలి."

ఫోను తీసి యార్క్‌షైర్ చూపించాను, బహామాస్ చూపించాను. "ఈ పేజీ ఎవరు తయారుచేశారు, మన గ్రాఫిక్స్ వాళ్ళేనా?" అన్నాడు. పక్కనున్న యాదగిరిని సాక్ష్యానికి పిలిస్తే వాడు, "అన్న ఒకపారి గుర్రం నాతోని మాట్లాడింది అన్నడు సార్" అని నా కొంప ముంచాడు.

కుర్రవాళ్ళారా, ఇక్కడ ఒక మాట. మా లైనులో అబద్ధం చెప్పడం తప్పు కాదు, దాని మీదే అందరం అన్నం తింటున్నాం. కానీ నోట్లో ఒక నిజాన్ని ఎక్కడో ఒక మూల పదునుగా ఉంచుకోండి. అవసరం పడిన రోజున పనిచెయ్యాలి. నాది తుప్పుపట్టింది.

డైరెక్టరు మరీ చెడ్డవాడేం కాదు. ఆయన బాధలు ఆయనవి. విడుదల మూడు వారాల్లో ఉంది. సినిమాలో ఆ పేరు పదిహేడు చోట్ల పలుకుతుంది. తాబేదారు ముఖం తెర నిండా ఉండగా పలుకుతుంది. డబ్బింగులో మాట మార్చాలంటే పెదవుల కదలికకి సరిపోవాలి. "పిం" అనేచోట పెదవులు మూసుకుంటాయి. మూసుకోని మాట వేస్తే ఆఖరి వరసలో కూర్చున్న ప్రేక్షకుడు కూడా పట్టేస్తాడు. "ఎవరో ఒకావిడ ఫోన్ చేసిందని పదిహేడు చోట్ల ఎలా మారుస్తానన్నా?" అన్నాడు. ఎవరో ఒకావిడ! అది విని నాకు చురుక్కుమంది. మొదట దొర పేరుకి దిక్కు లేదనుకున్నవాణ్ణి నేనే.

బోరబండ వెళ్ళి, "అమ్మా, నా మాట ఎవరూ నమ్మడం లేదు. మీరే రావాలి" అన్నాను.

"ఎందుకు నమ్మడం లేదు?"

"నేను చెప్పానని."

ఆవిడ వెంటనే చెప్పులు వేసుకుంది.

పదిహేడు చోట్లు

ఫిలింనగర్‌లో ఆ డబ్బింగ్ థియేటర్ చిన్నది. ఒక అద్దం, అద్దానికి అవతల మైకు ముందు తాబేదారుకి గొంతు ఇచ్చే ఆర్టిస్టు, ఇవతల డైరెక్టరు, యాదగిరి, నేను. సుగుణమణిగారు చేతిసంచిలోనుంచి గుడ్డలో చుట్టిన పాత బైబిలు తీశారు. మొదటి పేజీలో వాళ్ళ ఇంట్లో పుట్టినవాళ్ళ పేర్లు ఒకరి కింద ఒకరివి. అన్నిటికన్నా పైన, సిరా గోధుమరంగుకి తిరిగిన అక్షరాల్లో, పోలయ్య పిండర్. పక్కన వేలిముద్ర.

డైరెక్టరు ఆ వేలిముద్ర వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నావైపు చూశాడు. "అన్నా, నిజమేనా!" అన్నాడు, నేనేదో మోసం చేసినట్టు.

మళ్ళీ ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, ఈ కథ నాకిచ్చెయ్యండి. మొదటి సీనే ఇది పెడతాను" అన్నాడు.

"ముందు నా పేరు నాకియ్యి నాయనా" అంది ఆవిడ.

ఆయన కుర్చీ లాగి ఆవిణ్ణి కూర్చోబెట్టి, "ఇంకో పేరు తియ్యన్నా" అన్నాడు నాతో. నేను చీటీల డబ్బాలో పెదవులు మూసుకునే పేర్లు వెతకడం మొదలుపెట్టాను.

"పార్కర్."

"మా బడిలో డ్రిల్లు మాస్టారు పార్కర్. విజిల్ తప్ప ఇంకేమీ ఊదేవాడు కాదు, మంచాయన" అంది టీచర్.

"బర్టన్."

"సికింద్రాబాద్ చర్చిలో పియానో వాయించేది వాళ్ళ ఇంటివాళ్ళే."

"మిల్లర్."

ఈసారి యాదగిరి అడ్డం పడ్డాడు. "వద్దన్నా! మా కాలనీల మిల్లర్ మేడమ్ కేకులు జేస్తది. మా పాప బర్త్‌డేకి గామెదే కేకు. రేపు నా మొఖం ఎట్ల జూపెట్టాలె?"

డబ్బా అడుగు కనిపించింది. ప్రతి చీటీ వెనకా ఎవరో ఒకరు తలుపు తీసి చూస్తున్నట్టే ఉంది. డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. "అమ్మా, మీకు అన్యాయం చెయ్యాలని లేదు. కానీ పెదవులు కలవకపోతే నేను ఏమీ చెయ్యలేను" అన్నాడు. ఆవిడ చేతులు బైబిలు మీద ఉన్నాయి. ఆ మాట విన్నాక గుడ్డ అంచుల్ని మడతపెట్టడం మొదలుపెట్టింది. నా ముప్ఫై ఏళ్ళ పనిలో నేను ఎంత పనికిరానివాణ్ణో ఆ మడతలు చూస్తుంటే తెలిసింది.

మడతపెడుతూనే ఆవిడ, "నాకు తెలియక అడుగుతాను, మీ సినిమాలో రైతులు దొరని ఇంటిపేరుతో ఎందుకు పిలుస్తున్నారు?" అంది.

"అంటే?" అన్నాడు డైరెక్టరు.

"మా నాన్నమ్మ దొరల రోజులు చూసిన మనిషి. ఏ దొరకీ ఇంటిపేరు ఉన్నట్టే ఆవిడకి తెలియదు. కలెక్టరయితే పెద్ద దొర, కిందవాడు చిన్న దొర, పెళ్ళాం దొరసాని. ఎవడి పేరు ఎవరికి కావాలి? పన్ను వసూలు చేసేవాడు ఎవడైనా పెద్ద దొరే."

అద్దానికి అవతలి ఆర్టిస్టు మైకు సర్దుకున్నాడు. "సార్, ఒక్కసారి బొమ్మ వెయ్యండి" అన్నాడు. తెర మీద తాబేదారు వంగాడు. నోరు తెరిచాడు.

"పెద్ద దొరా, కొరడా తియ్యండి!"

పెదవులు మూసుకోవాల్సిన చోట మూసుకున్నాయి, తెరుచుకోవాల్సిన చోట తెరుచుకున్నాయి. ఆ నటుడు మొదటినుంచీ అదే మాట అన్నట్టుంది. "మళ్ళీ వెయ్" అన్నాడు డైరెక్టరు. మళ్ళీ వేశారు. మూడోసారి వేసేటప్పటికి యాదగిరి కూడా తాబేదారుతో కలిసి వంగాడు.

"పదిహేడు చోట్లా మార్చెయ్యండి. టీజర్లో కూడా" అన్నాడు డైరెక్టరు. అని నాతో మెల్లిగా, "ఇది నీకు తట్టలేదేమన్నా?" అన్నాడు. నేను పేర్లు పెట్టేవాణ్ణి. పేరు అక్కర్లేదన్న ఆలోచన నాకెలా తడుతుంది?

సుగుణమణిగారు పదిహేడు చోట్లూ అయ్యేవరకూ కదల్లేదు. వేళ్ళ మీద లెక్కపెడుతూ కూర్చున్నారు. పదహారు అయ్యాక ఆర్టిస్టు అయిపోయిందని హెడ్‌ఫోన్లు తీసేస్తే, "ఇంకొకటుంది బాబూ" అన్నారు. ఉంది.

బోరబండలో మరోసారి

సినిమా వచ్చింది, ఆడింది. నేను పని మానేశాక ఇది రాయాలనిపించి, అనుమతి అడగడానికి మళ్ళీ ఆ గుట్ట ఎక్కాను. ఆదివారం పొద్దున. చాప మీద పాతికమంది పిల్లలు. నన్ను గడపలో చూడగానే ముందు వరసలో రెండు జడల పిల్ల ఎగిరి నిలబడి, "టీచర్, గా పెద్ద దొర వచ్చిండు!" అని కేక పెట్టింది. సినిమా వచ్చినప్పటినుంచి గడపలోకి ఎవరొచ్చినా వాళ్ళకి పెద్ద దొరే. మిగతావాళ్ళు కొరడా తియ్యమన్నారు. నా దగ్గర గొడుగు ఉంటే అదే తీసి చూపించాను.

"ష్! ఆయనకొక పేరుంది. పేరు అడిగి, పేరుతో పిలవండి" అంది టీచర్.

"మీ పేరేంది సార్?"

"సత్యమూర్తి."

"ఇంటిపేరుతోని చెప్పాలె. టీచర్ అట్లనే చెప్పమంటది."

"చిందలూరి సత్యమూర్తి."

"అంటే?"

"అంటే... చిందలూరు అని ఒక ఊరు. మావాళ్ళు అక్కడినుంచి వచ్చారు."

"గా ఊరు ఎక్కడుంది సార్? మీ ముత్తాత గాడ ఏం పని జేసేటోడు?"

నా నోరు దానంతట అదే కదిలింది. "మా ముత్తాత సంగతి అడగాలా? ఒకరోజు ఒక పెద్దపులి ఊళ్ళోకి వచ్చి..." అని అందుకున్నాను. పిల్లలందరూ ముందుకి జరిగారు. సుగుణమణిగారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. చూశారు, అంతే.

పులి ఊరి పొలిమేరలోనే ఆగిపోయింది.

"తెలియదమ్మా. ఊరు ఎక్కడుందో తెలియదు, ఆయన ఏం చేసేవాడో కూడా తెలియదు. ఎప్పుడూ అడగలేదు" అన్నాను.

ఆ పిల్ల నన్ను జాలిగా చూసి, టీచర్ వైపు తిరిగి, "మరి సార్‌ని గూడ గీ ప్రశ్నలు హోంవర్క్ రాసుకోమందామా టీచర్?" అంది.